హెడ్‌లైట్ బల్బులు మారుస్తున్నారా? కొనే ముందు ఇవి తెలుసుకోండి

రాత్రి పూట హైదరాబాద్-విజయవాడ హైవే మీద కారు నడిపేవారికి ఇది బాగా తెలిసిన అనుభవమే. ఎదురుగా తెల్లటి వెలుగు ఒక్కసారిగా ముఖం మీద పడుతుంది. రెండు సెకన్ల పాటు రోడ్డు కనిపించదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ రెండు సెకన్లలో మీ కారు 44 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. ఆ 44 మీటర్లలో లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఉండొచ్చు, రోడ్డు దాటుతున్న గేదె ఉండొచ్చు, మనిషీ ఉండొచ్చు.

ఆ వెలుగుకు ఇబ్బంది పడిన చాలామందికి ఆ వెంటనే వచ్చే ఆలోచన ఒకటే: ‘మన లైట్లు కూడా మార్చేద్దాం’. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, ఆన్‌లైన్‌లోనో బల్బులు సులభంగా దొరుకుతాయి. పావుగంటలో బిగించేస్తారు. అయితే ఏ బల్బు పెట్టుకోవచ్చు? ఏది పెడితే చలాన్ వస్తుంది? అసలు బల్బు మార్చాల్సిన అవసరం ఉందా?

క్లుప్తంగా చెప్పాలంటే..

- కంపెనీ ఇచ్చిన రకం, అదే వాటేజీ ఉన్న బల్బు మార్చుకుంటే సమస్య లేదు.
- హాలోజన్ బల్బు కోసం తయారైన హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ, హెచ్‌ఐడీ కిట్లు బిగించడం, 100/90 వాట్ల బల్బులు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, 6 నెలల వరకు జైలు లేదా రెండూ పడే వీలుంది.
- చాలా కార్లలో మసక వెలుగుకు కారణం బల్బు కాదు. మసకబారిన లైట్ అద్దం, పాత వైరింగ్, తప్పు కోణం.

మీ కారులో ఏ బల్బు ఉంది?

ముందు ఇది తెలుసుకోవాలి. ఓనర్స్ మాన్యువల్‌లో చివరి పేజీల్లో బల్బుల పట్టిక ఉంటుంది. చాలా చిన్న కార్లలో ఉండేది హెచ్‌4 బల్బు. దీంట్లో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి హై బీమ్ కోసం 60 వాట్లు, మరొకటి లో బీమ్ కోసం 55 వాట్లు. అందుకే బల్బు మీద 60/55 అని ముద్రిస్తారు. హై బీమ్, లో బీమ్ విడివిడిగా ఉండే కార్లలో హెచ్‌7, హెచ్‌11, హెచ్‌బీ3 లాంటి ఒకే ఫిలమెంట్ బల్బులు ఉంటాయి. కొత్త మోడళ్లలో కొన్నింటికి కంపెనీయే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఇస్తోంది. వాటిలో చాలావరకు విడిగా మార్చుకునే బల్బు ఉండదు.

హెడ్‌లైట్‌లో వెలుగు పుట్టేది బల్బులోనే అయినా, దాన్ని రోడ్డు మీదికి సరైన ఆకారంలో పంపేది వెనకున్న రిఫ్లెక్టర్ లేదా ప్రొజెక్టర్. హెచ్‌4 బల్బులో లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె లాంటిది ఉంటుంది. కిందికి వెళ్లే వెలుగును అది ఆపేస్తుంది. దానివల్లే లో బీమ్ పైకి చిమ్మకుండా ఒక గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ గీతను కటాఫ్ అంటారు. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ వైపు కాస్త పైకి లేచి ఉంటుంది. రోడ్డు అంచున నడిచేవారు, సైకిళ్లు కనిపించడానికి ఆ ఏర్పాటు. కుడి వైపు, అంటే ఎదురుగా వచ్చేవారి వైపు, అది కిందికే ఉంటుంది.

ఈ లెక్కంతా ఫిలమెంట్ ఉన్న చోటు మీద ఆధారపడుతుంది. అది ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా వెలుగు వెళ్లాల్సిన చోటికి వెళ్లదు.

మసక వెలుగుకు కారణం బల్బేనా?

కొత్త బల్బు కొనే ముందు ఈ నాలుగూ చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

1. లైట్ అద్దం: ఇప్పటి హెడ్‌లైట్ల ముందు భాగం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. కొన్నేళ్లు ఎండలో ఉంటే పైపూత పోయి పసుపుపచ్చగా, పొగబట్టినట్టు మారుతుంది. వెలుగు బయటకు రాదు, వచ్చింది చెల్లాచెదురవుతుంది. ఈ అద్దం వెనక ఎంత మంచి బల్బు పెట్టినా దండగే. నీటి పేపరుతో రుద్ది, పాలిష్ చేసి, మళ్లీ యూవీ పూత వేస్తే చాలావరకు కొత్తదానిలా అవుతుంది. టూత్‌పేస్ట్ చిట్కాతో తాత్కాలికంగా మెరుస్తుంది కానీ, పూత ఉండదు కాబట్టి కొద్ది వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది.

2. వోల్టేజీ: పాత కార్లలో బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు సన్నని వైర్లు, స్విచ్ గుండా తిరిగి బల్బును చేరేసరికి కొంత వోల్టేజీ పోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బల్బు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్‌తో కొలిపించండి. బ్యాటరీ దగ్గరి రీడింగ్‌కు, బల్బు దగ్గరి రీడింగ్‌కు ఒక వోల్ట్‌కు మించి తేడా ఉంటే లోపం వైరింగ్‌లోనే ఉంది. ఎర్త్ కనెక్షన్ శుభ్రం చేయించడం, అవసరమైతే రిలే వైరింగ్ వేయించడం దీనికి పరిష్కారం.

3. కోణం: బంపర్ పనో, బల్బు మార్పో జరిగిన తర్వాత లైట్ కిందికి చూస్తుంటే ముందు పది మీటర్లే కనిపిస్తుంది. సరిచేయడానికి స్క్రూ తిప్పితే చాలు.

4. ముందు అద్దం, కళ్లద్దాలు: విండ్‌షీల్డ్ లోపలి వైపు పేరుకున్న సన్నని జిడ్డు పొర రాత్రి పూట ఎదుటి వెలుగును చెదరగొడుతుంది. తడిగుడ్డతో లోపల తుడవండి. రాత్రి డ్రైవింగ్ కొత్తగా కష్టమనిపిస్తుంటే, ముఖ్యంగా 40 దాటినవారు, ఓసారి కళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది.

మార్కెట్లో దొరికేవి ఏమిటి?

అదే వాటేజీ, ఎక్కువ వెలుగు హాలోజన్: ప్యాకెట్ మీద ప్లస్ 100 శాతం, ప్లస్ 150 శాతం అని రాసి ఉంటుంది. వాటేజీ మాత్రం 60/55 లేదా 55 దాటదు. ఫిలమెంట్‌ను మరింత వేడెక్కేలా, చోటు మరింత కచ్చితంగా ఉండేలా తయారు చేస్తారు. ఆ శాతం మొత్తం వెలుగుకు సంబంధించింది కాదు, రోడ్డు మీద కొన్ని ఎంపిక చేసిన చోట్ల కొలిచింది. కాబట్టి రెట్టింపు వెలుగు ఆశించకండి. ఆయుష్షు మామూలు బల్బు కంటే తక్కువ. అయినా చట్టం ప్రకారం, సాంకేతికంగా ఇబ్బంది లేని దారి ఇదే.

100/90, 130/100 వాట్ల బల్బులు: కరెంటు లెక్క చూడండి. 12 వోల్టుల దగ్గర 55 వాట్ల బల్బు దాదాపు 4.6 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది 8.3 ఆంపియర్లు. కంపెనీ వేసిన వైరు, స్విచ్, ప్లాస్టిక్ కనెక్టర్ మొదటి దానికి సరిపడా తయారైనవి. ఎక్కువ కరెంటుతో కనెక్టర్ కరిగిపోతుంది, రిఫ్లెక్టర్ పూత పాడవుతుంది. ఫ్యూజ్ కొట్టేస్తోందని పెద్ద ఫ్యూజ్ వేస్తే నిప్పును ఆహ్వానించినట్టే.

నీలం రంగు హాలోజన్: తెల్లగా కనిపించడానికి గాజు మీద నీలి పూత వేస్తారు. ఆ పూత వెలుగులో కొంత భాగాన్ని మింగేస్తుంది. చూడటానికి ఖరీదైన కారులా ఉంటుంది, రోడ్డు మాత్రం అంతకు ముందు కంటే తక్కువ కనిపించవచ్చు.

హెచ్‌ఐడీ కిట్లు: వీటిని చాలామంది జినాన్ అంటారు. వీటిలో ఫిలమెంట్ ఉండదు, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మెరుపు లాంటి ఆర్క్ వెలుగుతుంది. వెలిగించడానికి బ్యాలస్ట్ 20 వేల వోల్టులకు పైగా ఇస్తుంది. కంపెనీయే హెచ్‌ఐడీ ఇచ్చే కార్లలో వాటికి తగ్గ ప్రొజెక్టర్, సాధారణంగా కోణాన్ని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉంటాయి. మామూలు రిఫ్లెక్టర్‌లో ఈ కిట్ పెడితే వెలుగు అన్ని వైపులా చిమ్ముతుంది.

ఎల్‌ఈడీ బల్బులు: ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇవే. హాలోజన్ ఫిలమెంట్ చుట్టూ అన్ని దిక్కులా వెలుగుతుంది. ఎల్‌ఈడీ చిప్పులు రెండు పక్కల నుంచే వెలుగుతాయి. రిఫ్లెక్టర్ అనుకున్న చోటి నుంచి, అనుకున్న ఆకారంలో వెలుగు రాకపోవడంతో కటాఫ్ గీత చెదిరిపోతుంది. ప్రొజెక్టర్ ఉన్న కార్లలో గీత కొంతవరకు నిలిచినా, వెలుగు పంపిణీ మారిపోయి దూరం తగ్గవచ్చు. వెనక ఉండే ఫ్యాన్ దుమ్ముతో ఆగిపోతే బల్బు త్వరగా పోతుంది. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మీద ‘బల్బు పోయింది’ అన్న హెచ్చరిక వెలుగుతుంది, ఎఫ్ఎం రేడియోలో గరగర శబ్దం వస్తుంది.

ప్యాకెట్ మీద 20,000 ల్యూమెన్లు అని చూస్తే నమ్మకండి. కంపెనీ హెచ్‌4 బల్బు లో బీమ్ ప్రామాణిక వెలుగు దాదాపు 1,000 ల్యూమెన్లు, హై బీమ్‌ది 1,650. వేలెడంత బల్బు ఇరవై రెట్లు ఇస్తే ఆ వేడిని తట్టుకునే ఏర్పాటు అందులో ఉండదు.

వెలుగు పెరిగితే దూరం కనిపిస్తుందా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లో బీమ్‌లో దూరాన్ని నిర్ణయించేది వెలుగు కాదు, కోణం. సాధారణంగా లో బీమ్‌ను 1 శాతం కిందికి వంచి అమరుస్తారు. అంటే ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగుతుంది. మీ హెడ్‌లైట్ నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ గీత 65 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. ఎడమ అంచు తప్ప, అంతకు మించి లో బీమ్ వెళ్లదు. ఎంత శక్తిమంతమైన బల్బు పెట్టినా అంతే.

ఇప్పుడు ఆగడానికి పట్టే దూరం చూద్దాం. ప్రమాదాన్ని గుర్తించి బ్రేక్ మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే..

- గంటకు 60 కిలోమీటర్ల వేగంలో: సుమారు 45 మీటర్లు
- 80 కిలోమీటర్ల వేగంలో: సుమారు 70 మీటర్లు
- 100 కిలోమీటర్ల వేగంలో: సుమారు 95 మీటర్లు

అంటే లో బీమ్‌తో 80 దాటితే, కనిపించే దూరంలో మీరు ఆగలేరు. బల్బు మార్చడం ఈ లెక్కను మార్చదు. డివైడర్ లేని రోడ్ల మీద ఎదురుగా వాహనాలు ఉన్నంతసేపు వేగం తగ్గించడమే దారి. కోత కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టే పల్లె దారుల్లో ఇది మరీ ముఖ్యం.

కారుకు దగ్గరి రోడ్డు మరీ తెల్లగా వెలిగిపోతే మరో నష్టం ఉంది. ఆ వెలుగుకు కంటిపాప చిన్నదవుతుంది. దానికి అవతల ఉన్న చీకటి మరింత చీకటిగా కనిపిస్తుంది. ‘లైట్లు అదిరిపోయాయి’ అనిపిస్తుంది కానీ, నిజంగా చూడగలిగే దూరం తగ్గుతుంది. వానలో, పొగమంచులో నీటి తుంపరల మీద పడ్డ వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. అందుకే మంచులో హై బీమ్ వేయకూడదు.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989, రూల్ 106: ముందు లైట్ల వెలుగు ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి. వాహనానికి 8 మీటర్ల ముందు, కుడి అంచుకు అర మీటరు కుడి పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలపకూడదు. స్థూలంగా అది ఎదురుగా వచ్చే డ్రైవర్ కళ్లు ఉండే చోటు.

రూల్ 111: రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా వాహనం ముందు స్పాట్‌లైట్, సెర్చ్‌లైట్ బిగించకూడదు. జీపులు, ఎస్‌యూవీల మీద పెట్టే అదనపు లైట్లతో చాలామంది చిక్కుల్లో పడేది దీనివల్లే.

మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52: తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో దీన్ని స్పష్టం చేసింది. ‘ఆర్‌సీలో బల్బు సంగతి ఉండదు కదా’ అని కొందరు వాదిస్తారు. కానీ ఆ వాదనతో బయటపడలేరు. ఎందుకంటే..

సెక్షన్ 182ఏ(4): 2019 సవరణతో వచ్చింది. చట్టం, నిబంధనలు అనుమతించని రీతిలో వాహనానికి విడి భాగాలు అమర్చి మార్పు చేస్తే యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. బిగించింది మెకానిక్ అయినా ఇక్కడ బాధ్యత మీదే.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కేసులో మరో అడుగు వేసింది. హెడ్‌లైట్ల వెలుగుకు, కోణానికి పరిమితులు నిర్దేశించాలని, పొల్యూషన్, ఫిట్‌నెస్ తనిఖీల సమయంలో వాటిని పరిశీలించాలని రవాణా శాఖలను, ట్రాఫిక్ పోలీసులను ఆదేశించింది. ట్యాక్సీ యజమానులకు ఇది మరింత ముఖ్యం. ఫిట్‌నెస్ పరీక్షలో హెడ్‌లైట్లు సరిగా లేకపోతే సర్టిఫికెట్ ఆగిపోతుంది.

వారంటీ, బీమా సంగతేంటి?

కిట్ బిగించడానికి కంపెనీ వైరు కత్తిరిస్తే ఎలక్ట్రికల్ వారంటీ పోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత సంబంధం లేని సెన్సర్ పాడైనా సర్వీస్ సెంటర్ వేలు చూపేది ఆ జాయింట్‌నే. వాహనంలో చేసిన మార్పులను బీమా కంపెనీకి చెప్పకపోతే, వైరింగ్ వల్ల మంటలు వచ్చినప్పుడు క్లెయిమ్ దగ్గర వివాదం తప్పదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

- బల్బు అడుగు భాగంలో రకం, ‘12 వోల్ట్, 60/55 వాట్’ అన్న ముద్ర, వృత్తంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉండాలి. అది అంతర్జాతీయ ఆమోద ముద్ర.
- ప్యాకెట్ మీద ‘ఆఫ్ రోడ్ యూజ్ ఓన్లీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటే అది రోడ్డు మీద వాడటానికి కాదని తయారీదారే ఒప్పుకున్నట్టు.
- ‘జర్మనీలో ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఉంది’ అని దుకాణదారు చెప్పవచ్చు. నిజమే, 2020 నుంచి అక్కడ కొన్ని ఎల్‌ఈడీ బల్బులను అనుమతిస్తున్నారు. అయితే ఒక్కో కారు మోడల్‌లో పరీక్షించి, ఆ జాబితాలో ఉన్న కార్లకే. ఆ అనుమతి ఇక్కడ చెల్లదు.
- విదేశీ సైట్ల నుంచి మొత్తం హెడ్‌లైట్ యూనిట్ తెప్పించుకుంటే అది కుడి పక్కన నడిపే దేశాలది కావచ్చు. దాని వెలుగు కుడి వైపు లేచి నేరుగా ఎదుటివారి కళ్లలో పడుతుంది.
- మీ కారు పై వేరియంట్‌లో కంపెనీ ఎల్‌ఈడీ యూనిట్ ఉంటే, దాన్ని మీ కారుకు అమర్చవచ్చా అని అధీకృత సర్వీస్ సెంటర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఒరిజినల్ భాగం బిల్లు దాచుకోండి.
- బల్బులు జంటగా మార్చండి. గాజును వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి హాలోజన్ గాజు దెబ్బతింటుంది.

ఇంటి దగ్గరే గోడ పరీక్ష

బల్బు మార్చినా మార్చకపోయినా ఏడాదికోసారి ఇది చేయండి. పది నిమిషాల పని.

1. టైర్లలో గాలి సరిచూసి, సమతలమైన చోట గోడకు ఆనుకునేంత దగ్గరగా కారు ఆపండి. రెండు హెడ్‌లైట్ల మధ్య బిందువుల ఎత్తు గోడ మీద టేపుతో గుర్తించండి.
2. కారును నిటారుగా 5 మీటర్లు వెనక్కి తీయండి. డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి. లెవలింగ్ చక్రం ఉంటే సున్నా దగ్గర పెట్టండి.
3. లో బీమ్ వేయండి. గీత టేపు గుర్తుకు సుమారు 5 సెంటీమీటర్లు కిందగా ఉండాలి. ఎడమ వైపు మాత్రమే పైకి లేవాలి. మీ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.
4. గీతే లేకుండా వెలుగు గోడంతా పరుచుకుంటే ఆ బల్బు మీ హెడ్‌లైట్‌కు సరిపడదని అర్థం. కోణం తగ్గించి సర్దుకుందామని చూడకండి.

వెనక సీట్లు నిండి, డిక్కీలో సామాను ఉంటే కారు ముందు భాగం లేస్తుంది. వెలుగు 1 శాతం పైకి జరిగితే చాలు, లో బీమ్ నేలను తాకకుండా నేరుగా వెళ్తుంది. పండక్కి కుటుంబంతో ఊరెళ్లేటప్పుడు డ్యాష్‌బోర్డు మీది లెవలింగ్ చక్రాన్ని 2 లేదా 3కు తిప్పండి. చాలా కార్లలో ఇది ఉంటుంది, వాడేవారు తక్కువ.

ఇప్పటికే మార్చేసి ఉంటే?

ముందు గోడ పరీక్ష చేసి చూడండి. వైరు కత్తిరించకుండా ప్లగ్ మాత్రమే మార్చి ఉంటే పాత హాలోజన్ బల్బు తిరిగి పెట్టడం పావుగంట పని. వైరు కత్తిరించి ఉంటే ఆటో ఎలక్ట్రీషియన్‌తో కంపెనీ కనెక్టర్ మళ్లీ వేయించండి, ఇన్సులేషన్ టేపుతో సరిపెట్టనివ్వకండి. చలాన్ పడిందేమో మీ వాహనం నంబరుతో ఈ-చలాన్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. చలాన్ కట్టేస్తే ఆ మార్పుకు అనుమతి వచ్చినట్టు కాదు. అదే లైట్లతో మళ్లీ దొరికితే మళ్లీ కట్టాల్సిందే.

ఇక బల్బు ఏదైనా, ఎదురుగా వాహనం కనిపించగానే లో బీమ్‌కు మారండి. ముందు వెళ్తున్న వాహనం వెనక దగ్గరగా ఉన్నప్పుడూ అంతే. ఎదుటివారు హై బీమ్ దించకపోతే మీరూ వేసి బదులు తీర్చుకోకండి. చూపును రోడ్డు ఎడమ అంచు గీత మీద నిలిపి, వేగం తగ్గించండి. కళ్లు చెదిరిన డ్రైవర్లు ఇద్దరు ఎదురెదురుగా రావడం కంటే ఒకరైనా చూడగలిగే స్థితిలో ఉండటం ఇద్దరికీ మేలు.